మేనేజరు మింగిన బిళ్ల

ఆ వీధిలో గడియారాలు బాగుచేసే ఆయనని అందరూ జాగ్రత్తల బాబాయి అనేవారు. చేతిలో పని బంగారమే గాని, మనిషి మాత్రం చీమ చిటుక్కుమన్నా ఉలిక్కిపడే రకం. ఎవరు దుకాణం దిగుతున్నా “మెట్టు జాగ్రత్త” అనకుండా ఉండలేడు. తనతో ఆయన మాట్లాడిన మొట్టమొదటి మాట “ఫ్యాను కింద కూర్చున్నారు, కాస్త జరగండి” అని భార్య ఇప్పటికీ నలుగురిలో చెప్పి నవ్విస్తుంది.

అలాంటివాడు కప్పను పెంచాడంటే నమ్మడం కష్టమే. ఓ వానాకాలం భార్య కొన్న పూలకుండీలో మట్టితోపాటు వచ్చింది అది. బొటనవేలంత ఉండేది. దాన్ని చూసి ఆయన కుర్చీ ఎక్కాడు. కాసేపటికి పక్కింటి పిల్లి నక్కి నక్కి కుండీ దగ్గరికి రావడం చూసి, తనే దిగి కప్పని గాజుపెట్టెలో పెట్టాడు. ప్రాణభయం ఎలా ఉంటుందో ఆయనకి ఒకరు చెప్పాలా? అది పెరిగి పిడికిలంత అయింది. పొట్ట ముందుకు తోసుకుని, పనిచేసేవాళ్లని గుడ్లప్పగించి చూస్తూ కూర్చుంటుంది గనక భార్య దానికి మేనేజరు అని పేరు పెట్టింది.

రోజూ సాయంత్రం బేరాలు తగ్గాక మేనేజరుని బల్ల మీదికి వదిలేవాడు. ఆ రోజు ఓ చేతిగడియారానికి కొత్త బ్యాటరీ బిళ్ల వేస్తున్నాడు. పట్టకారు జారింది. చొక్కా బొత్తాం అంత బిళ్ల టప్పున ఎగిరి, బల్ల మీద తళతళా దొర్లుకుంటూ పోయింది. కప్పకి కదిలేదంతా తిండే. నాలుక అలా వచ్చి ఇలా పోయింది. కళ్లు రెండూ లోపలికి నొక్కుకుని గుటక వేసింది.

పాత గడియారాల్లో మరిచిపోయిన బిళ్లలు కారి, ఇత్తడిని కూడా తినేయడం ఆయన ఎన్నిసార్లు చూశాడో!

“ఇదిగో! ఒకసారి రా! మేనేజరు చచ్చిపోతాడే!”

భార్య దుకాణం వెనకున్న వంటగదిలోంచి తడిచేతులతోనే వచ్చింది. సంగతి విని, “మొన్న గులకరాయి మింగితే అదే బయటికొచ్చింది కదండీ. రేపటిదాకా చూద్దాం” అంది.

“రాయి ఊరికే ఉంటుంది. ఇది తడి తగిలితే కాలుస్తుందే! ఇప్పుడు కూడా లోపల కాలుస్తూనే ఉంటుంది!”

ఆయన గొంతు విని ఆమె వెంటనే బండి తాళాలు తీసింది. రోడ్డంటే భయం కాబట్టి ఆయన బండి నేర్చుకోలేదు. మూతకి చిల్లులు పొడిచిన డబ్బాలో తడిగుడ్డ వేసి, కప్పని అందులో పెట్టి, వెనక కూర్చున్నాడు. ఎప్పుడూ “మెల్లిగా, మెల్లిగా” అని ప్రాణం తీసే మనిషి, ఆ రోజు దారిపొడుగునా “ఇంకా తొందరగా పోనీవే” అంటూనే ఉన్నాడు.

పశువుల డాక్టరమ్మ అప్పుడే తలుపులు మూయబోతోంది. డబ్బాలోకి తొంగిచూసి, “అబద్ధం చెప్పనండీ, నేనింతవరకు కప్పకి వైద్యం చెయ్యలేదు” అంది. అయినా ఆమె ఎక్స్‌రే తీసింది. పొట్టలో తెల్లగా, గుండ్రంగా కనబడింది బిళ్ల. తనకి చదువు చెప్పిన మాస్టారికి ఫోన్ చేసి, స్పీకరు పెట్టి బల్ల మీద ఉంచింది.

“మందు కలిపిన నీళ్లలో ఉంచితే మత్తొస్తుంది. అప్పుడు పట్టకారుతో తీద్దాం. మత్తు ఎక్కువైతే మాత్రం లేవదు” అంది డాక్టరమ్మ, మాస్టారు చెప్పింది విని. “కాస్త పట్టుకుంటారా?”

వెంట్రుకంత స్ప్రింగుని పట్టుకున్నంత జాగ్రత్తగా ఆయన కప్పని మందునీళ్లలో పట్టుకున్నాడు. అరచేతిలో కప్ప మెల్లిమెల్లిగా వాలిపోయింది. అంతలో దాని నోరు తెరుచుకుని, గులాబీ రంగు తిత్తి ఒకటి జారి బయటికి వేలాడింది.

“అమ్మో! పేగులొచ్చేశాయి!” అని అరిచాడు. భార్య మొహం తిప్పేసుకుంది. డాక్టరమ్మ మొహంలోనూ నెత్తురు చుక్క లేదు.

“అది పేగు కాదు, పొట్ట!” ఫోన్‌లోంచి మాస్టారు అన్నారు. “కప్పలకి అలా తిరగబడి వస్తుంది. ఆరిపోనివ్వకండి. బిళ్ల ఉందేమో చూడండి.”

ఉంది. తిత్తి ముడతల్లో మెరుస్తోంది. దాన్ని తీసేసరికి కింద నల్లగా కాలిన మచ్చ. డాక్టరమ్మ ఉప్పునీళ్లతో కడిగి, తడి దూదిపుల్లతో పొట్టని మళ్లీ లోపలికి నెట్టింది. మేనేజరుని మంచినీళ్ల పళ్లెంలో పడుకోబెట్టారు.

ఎప్పుడూ టపటపలాడే దాని గొంతు కింది చర్మం కదలడం లేదు. ఆయన కళ్లార్పకుండా దాన్నే చూస్తూ నిలబడ్డాడు. భార్య ఆయన మోచెయ్యి పట్టుకుంది. చాలాసేపటికి, చర్మం ఒక్కసారి అదిరింది. మళ్లీ ఆగింది. ఆయన ఊపిరి కూడా దాంతోపాటే ఆగింది. తర్వాత ఇంకోసారి అదిరి, ఇక ఆగకుండా కొట్టుకోసాగింది.

“ధైర్యం ఉన్నవాళ్లయితే రేపు పొద్దున తెచ్చేవారేమో. అప్పటికి పొట్ట చిల్లుపడేది” అంది డాక్టరమ్మ చెమట తుడుచుకుంటూ. భార్య భర్త వంక ఓసారి చూసి తల దించుకుంది.

బతికింది గాని, రోజులు గడుస్తున్నా ఏమీ తినలేదు. ఆయనకీ ముద్ద దిగలేదు. పుండు మానలేదేమోనన్న దిగులుతో గాజుపెట్టె పక్కనే పక్క వేసుకున్నాడు. చివరికి ఓ ఉదయం, ఆశ వదులుకుంటూనే వేసిన వానపాముని మేనేజరు గబుక్కున అందుకుంది. ఆయన కేకకి భార్య పరుగెత్తుకొచ్చింది.

“ఏమైందండీ?”

“తింది” అన్నాడు, నేల మీద చతికిలబడి. “నాకూ ఏదైనా పెట్టు. ఆకలేస్తోంది.”