టోక్యో ఉపేంద్ర

సింగపూర్‌లో, చోవా చూ కాంగ్‌లో మా బ్లాకు చుట్టుపక్కల తెలుగువాళ్ళు ఎవరు జపాన్ వెళ్ళాలన్నా ముందు ఉపేంద్ర ఇంటి తలుపు తట్టేవాళ్ళు. టోక్యో ఉపేంద్ర అన్న పేరు అలాగే వచ్చింది. ఎయిర్‌పోర్టు నుంచి ఊళ్ళోకి ఎలా పోవాలి, ఏ రైలెక్కాలి, గుడ్డు కూడా ముట్టనివాళ్ళు ఏం తిని బతకాలి, అన్నీ అడిగినవాడికీ అడగనివాడికీ చెప్పేవాడు. వినేవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టేవాళ్ళు. నాకు మాత్రం ఒళ్ళు మండేది. అతను అక్కడ వెలగబెట్టినన్నాళ్ళూ ఇక్కడ అతని పెళ్ళాన్ని కనిపెట్టుకుని ఉన్నది నేను మరి.

తొంభై తొమ్మిది సంగతి. కంప్యూటర్ ముక్క వచ్చిన ప్రతివాడికీ రెక్కలు మొలిచిన కాలం. ఉపేంద్ర అమలాపురంలో పెళ్ళి చేసుకుని ప్రసన్నలక్ష్మిని మా పై అంతస్తులోకి తెచ్చాడు. ఏడాది తిరక్కుండానే కంపెనీ అతన్ని టోక్యో పంపింది. రెండువేల సంవత్సరం పుట్టగానే కంప్యూటర్లన్నిటికీ పిచ్చెక్కుతుందని లోకమంతా హడలిపోతున్న రోజులు. పెళ్ళాన్ని తీసుకెళ్ళే వీల్లేదన్నారు. ఆ పిల్లకప్పుడు మూడో నెల. ఇంగ్లీషు రాదు. లిఫ్టులో ఎవరైనా పలకరిస్తే తల దించుకునేది.

ఆదివారం ఆదివారం అతను ఫోన్ చేసేవాడు. ఇవాళ టవరెక్కాను, ఊరంతా కాళ్ళ కింద ఉంది, అనేవాడు. ఇంకో వారం, డ్రైవర్ లేని రైల్లో సముద్రం మీద నుంచి వెళ్ళాను, అనేవాడు. ఫోన్ పెట్టేసి ఈ పిల్ల నా వంటింట్లో కూలబడి ఏడ్చేది.

డిసెంబరు ఆఖర్లో నొప్పులొచ్చాయి. టాక్సీలో ఆస్పత్రికి తీసుకెళ్ళింది నేనూ, మా ఆయన అనిల్‌కుమారూ. ఉపేంద్ర సెలవివ్వలేదన్నాడు. సరే, ఇవ్వలేదు. ఏడాది ఆఖరి రోజున, కుట్లు లాగుతుంటే పక్కకి ఒత్తిగిల్లలేక పడుకున్న బాలింతకి ఫోన్ చేసి, "విను లక్ష్మీ, గుళ్ళో గంటలు! కొత్త సంవత్సరానికి ఇక్కడ ఇలా కొడతారు. ఏం జనమనుకున్నావ్!" అన్నాడు. ఆ గంటలు ఫోన్లోంచి నాకూ వినబడ్డాయి.

"పురిటికి దొరకని సెలవు గంటలు వినడానికి దొరికిందా మహారాజుకి?" అన్నాను నేను. ప్రసన్నలక్ష్మి పసిదాన్ని దగ్గరికి లాక్కుని గోడవైపు చూస్తూ పడుకుంది.

రెండేళ్ళు పూర్తి చేసుకుని అతను తిరిగొచ్చాడు. అప్పటికి ఆమె ఇంగ్లీషు నేర్చుకుంది, బడిలో ఉద్యోగం చూసుకుంది, మొగుడి అవసరం లేకుండా బతకడం కూడా నేర్చుకుంది. రెండో బిడ్డ కావాలని అతను ఎన్నిసార్లు అడిగాడో. అడిగినప్పుడల్లా ఒకటే జవాబు. "ఈసారి ఏ గుళ్ళో గంటలు వింటారు?" బంధువుల ముందు కూడా అలాగే అనేది. తప్పు చేసినవాడు కదా, పడనీ, అనుకునేదాన్ని నేను.

రెండువేల ఏడు జూన్ సెలవుల్లో రెండు కుటుంబాలం కలిసి టోక్యో ప్రయాణం పెట్టుకున్నాం. కూతురు అరుంధతి గోల భరించలేక ఒప్పుకున్నానని ప్రసన్నలక్ష్మి పైకి అంది. నాతో మాత్రం, "ఈయన సుఖపడ్డ చోటేదో కళ్ళారా చూసొస్తానక్కా. చూస్తే నా కడుపుమంట చల్లారుతుందేమో" అంది. ఉపేంద్ర అడుగడుగునా ఏదో ఒక సాకు చెప్పాడు. వానాకాలమన్నాడు, ఉక్కపోతన్నాడు, హాంకాంగ్ పోదామన్నాడు. ఎవరూ వినలేదు.

ఏజెంటు చెప్పిన బస్సు మమ్మల్ని ఎయిర్‌పోర్టు నుంచి ఉయెనో అనే పేటలో మా హోటల్ ముందే దింపింది. మర్నాడు పొద్దున టవర్ చూద్దామని స్టేషన్‌లోకి దిగాం. టికెట్ మిషన్ల పైన గోడనిండా పెద్ద పటం. అల్లిబిల్లిగా రంగురంగుల గీతలు, ఎక్కువ పేర్లు వాళ్ళ లిపిలోనే, ప్రతి పేరు పక్కనా ఓ అంకె. మన సింగపూర్‌లో లాగా మిషన్లో స్టేషన్ పేరు తాకితే చాలదు. ఆ అంకె అక్కడికి టికెట్ ధర; మనం దిగే స్టేషన్ పక్కన ఏ అంకె ఉందో పటంలో చూసి, మిషన్లో అదే అంకె నొక్కాలి. ఈ సంగతి మాకు తరవాత తెలిసింది. అప్పటికి మేమందరం ఉపేంద్ర వెనక నిలబడి ఉన్నాం.

అతను పటం వంక చూశాడు. మిషన్ వంక చూశాడు. ఓ బొత్తాం నొక్కాడు, అది డబ్బులు వెనక్కి కక్కింది. వెనక లైను పెరుగుతోంది. అతని చొక్కా వీపు మీద తడిసిపోయింది.

"డాడీ, హౌ కమ్ యూ డోంట్ నో ఆ?" అంది అరుంధతి.

"ఏంటి గురూ, రెండేళ్ళున్నావుగా?" అని మా ఆయన నవ్వాడు. చివరికి తెల్ల గ్లవ్స్ వేసుకున్న స్టేషన్ ఉద్యోగి వచ్చి, ఒంగి దణ్ణం పెట్టి, అందరికీ తనే టికెట్లు తీసిచ్చాడు.

ప్రసన్నలక్ష్మి టికెట్ చేత్తో పట్టుకుని కదల్లేదు. "ఇక్కడ మీరు టికెట్టే కొనలేదా?" అంది.

"కంపెనీ పాస్ ఇచ్చింది. రూము నుంచి ఆఫీసుకీ, ఆఫీసు నుంచి రూముకీ. ఆ రెండేళ్ళలో టికెట్ కొన్న పాపాన పోలేదు" అన్నాడు.

"మరి టవర్?"

"పద, జనానికి అడ్డంగా ఉన్నాం" అన్నాడు.

టవరెక్కాం. అద్దాల్లోంచి చూస్తే ఊరికి అంతూ పొంతూ లేదు. అరుంధతి గంతులేస్తోంది. తల్లి మాత్రం ఊరిని చూడ్డం మానేసి మొగుణ్ణే చూస్తోంది. అతను మాలాగే, మొదటిసారి వచ్చినవాడిలా, అద్దానికి ముక్కు ఆనించి చూస్తున్నాడు. దిగాక, "రేపు మీ రూము చూపించండి, మీ ఆఫీసు చూపించండి. ఇంకేం చూడక్కర్లేదు నాకు" అందామె.

మర్నాడు ఆదివారం. పిల్లని మా ఆయనకప్పగించి మేం ముగ్గురం బయల్దేరాం. ఓ రైలు మారి, అతని పాత లైనెక్కాం. ఎక్కగానే మనిషి మారిపోయాడు. ఏ పెట్టె ఎక్కితే మెట్ల దగ్గర దిగుతామో, ఏ తలుపు దగ్గర నిలబడితే నలిగిపోకుండా ఉంటామో అన్నీ తెలుసు. రైలు సొరంగం లోంచి పైకొచ్చి ఒక పెద్ద నది దాటింది. "పగలు నేను చూసిందల్లా ఇదే అక్కా. పొద్దున్న ఒక్కసారి. వచ్చేటప్పుడు చీకటిగా ఉండేది" అన్నాడు. నిషి కసాయ్‌లో దిగి ఓ ఇరుకు సందులో అతని రూము ఉన్న ఇల్లు చూపించాడు. మా వంటిల్లు దానికంటే నయం. ముగ్గురు ఉండేవాళ్ళట. ఆదివారాలు బట్టలుతుక్కుని, అన్నం వండుకుని పడుకునేవాళ్ళట, ఆఫీసు నుంచి పిలుపు రాకపోతే.

తిరిగొస్తూ కయాబాచోలో దిగి ఆఫీసు చూశాం. బూడిదరంగు మేడ, కాపలావాడు లోపలికి రానివ్వలేదు. మూడో అంతస్తు, కిటికీ లేని గది, అని వేలు పెట్టి చూపించాడు.

"ఆ గంటలు?" అంది ప్రసన్నలక్ష్మి.

"టీవీలోవి. ఆ రాత్రి అందరం కంప్యూటర్లకి కాపలా. మూల చిన్న టీవీ పెట్టారు, అందులో గంటలు కొట్టారు. నీకు వినిపిద్దామని ఫోన్ దాని దగ్గర పెట్టాను."

"టవరూ, సముద్రమూ?"

"విమానంలో ఇచ్చిన పుస్తకంలో చదివినవి. నువ్వు ఏడుస్తుంటే నేనూ ఏడిస్తే ఎలాగని... ఇక్కడ ఒకళ్ళైనా బావున్నారనుకుంటావని."

"వచ్చాకైనా చెప్పొచ్చుగా?" అని నేనే అరిచాను. రోడ్డు మీద పోయేవాళ్ళు తిరిగి చూశారు.

"వచ్చేసరికి అందరూ టోక్యో ఉపేంద్ర అంటున్నారక్కా" అన్నాడు. ప్రేమతో మొదలెట్టిన అబద్ధాన్ని పరువు కోసం పెంచి పోషించాడు. ఈ మగాళ్ళ పరువు ఎంత చౌక సరుకో!

ప్రసన్నలక్ష్మి ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె ఆ మూడో అంతస్తు వంకే చూస్తూ, "మీరు సుఖపడ్డారని ఏడున్నరేళ్ళు మిమ్మల్ని తిట్టుకున్నాను. పిల్లకి తోడు లేకుండా చేశాను. మీరు సుఖపడ్డా బావుండేది. ఇద్దరిలో ఒక్కళ్ళైనా సుఖపడినట్టుండేది" అంది. అతను చెయ్యి చాపాడు. ఆమె చూసింది కానీ పట్టుకోలేదు. రైల్లో నా పక్కన కూచుంది.

సింగపూర్ వచ్చి ఏడాది కావస్తోంది. ఇదివరకు పై అంతస్తు నుంచి వాళ్ళ పోట్లాటలు మా వంటింట్లోకి వినబడేవి. ఇప్పుడు చప్పుడుండదు. భోజనానికి పిలిస్తే ఇద్దరూ వస్తారు. "మంచినీళ్ళు కావాలాండీ?" అంటుందామె. "వద్దు లక్ష్మీ, నువ్వు తిను" అంటాడతను. మా ఆయన వాళ్ళని చూసి, జపాన్ వెళ్ళొచ్చాక బాగా కలిసిపోయారే, అన్నాడు మొన్న. ఆయనకేం చెప్పను? కోపం ఉన్నన్నాళ్ళూ ఆ పిల్లకి మొగుడితో మాట్లాడడానికి ఏదో ఒకటి ఉండేది.