మంత్రం మరిచే పండితుడు

దేవేంద్రప్పకు ఒకే ఒక్క జబ్బు. సరిగ్గా ప్రాణం మీదికొచ్చినప్పుడు మంత్రం మరిచిపోతాడు. అదీ మా ప్రాణాల మీదికి.

ఎమ్మిగనూరులో రవికుమార్ సెల్లు షాపు మిద్దె మీద ప్రతి ఆదివారం ఆట. తలా ఒక వేషం, మధ్యలో పాచికలు. రవికుమార్ కథ చెప్తాడు, మేం ఆ కథలో దూరి బతకాల. నేను కత్తివీరుణ్ణి. రవికుమార్ చెల్లెలు హేమ విలుకత్తె. మగ్గం మానేసిన దేవేంద్రప్ప ఫోను రిపేరుకొచ్చి, మెట్లెక్కి చూసి, "నాకూ ఒక వేసమియ్యప్పా" అన్నాడు. వయసు చూసి పండితుని వేషమిచ్చినాం. ఆడ మునిగినాం.

ఆట మొదట్లో పండితుడు కాగితం చూసి ఆ రోజు మంత్రం అందరికీ వినిపిస్తాడు. అవసరం పడినప్పుడు చూడకుండా చెప్పాల. ఈ రెండోది ఒక్కనాడూ జరగలేదు. ఇరవై ఏండ్ల కింద నేసిన చీర అంచులో ఎన్ని పోగులో అడుగు, టక్కున చెప్తాడు. మూడు మాటల మంత్రం మాత్రం నిలవదు! ప్రతిసారీ నేనే అరిచి అందరినీ బతికించేవాణ్ణి. ఆయన మొహంలో సంతోషముండదు.

"డిగ్రీ మధ్యలో ఇడిసిపెట్టినోణ్ణి, నాకే గుర్తుంది. నువ్వేం పండితునివి పెద్దాయనా?"

"పండితునికి తెలిసుంటే సాలు లోకేషూ. చెప్పేదానికి మీరుండారు గదా."

హేమ మాత్రం బాణమేస్తాది, మాట్లాడదు. ఆదోనిలో టీచరు ఉద్యోగాలకు రెండుసార్లు పోయి, పిల్లల ముందర పాఠం చెప్పమంటే నోరు పెగలక తిరిగొచ్చింది. మంగళవారం మూడోది. అదీ పోతే బట్టలంగట్లో కూర్చోవల్లని ఇంట్లో తేల్చేసినారు.

ఆ ముందు ఆదివారం. గుహకు అడ్డంగా రాతి రాక్షసుడు.

"మంత్రం?" అన్నాడు రవికుమార్.

పండితుడు గడ్డం గోక్కున్నాడు. "ఇప్పుడే గుర్తుండె..."

నేను నోరు తెరిచినా. బల్ల కింద పెద్దాయన తొడపాశం పెట్టినాడు. వేళ్లు కావవి, పట్టకార్లు.

"హేమా, నీకేమన్నా గుర్తుందా తల్లీ?"

హేమ గొణిగింది.

"లేసి నిలబడి సెప్పమ్మా. వాని చెవులు యాడో ఎత్తున ఉండాయి."

హేమ లేచింది. కండ్లు మూసుకుని అరిచింది: "రాయీ, రాయీ, దారియ్యి!"

కింద షాపులో బేరమాడేటోళ్లు కూడా దారిచ్చినారంట.

మంగళవారం సాయంత్రం ఆదోని బస్సు దిగి నేరుగా షాపుకొచ్చింది. "ఉద్యోగమొచ్చింది! ఆఖరి బెంచీలో రాక్షసుడుండాడనుకుని చెప్పినా."

ఆ వారమే మిద్దె ఊడుస్తాంటే పండితుని కాగితం దొరికింది. ప్రతి మంత్రం పక్కనా చీమల బారు లాంటి అక్షరాలు. "హేమతో చెప్పియ్యాల." దాని కింద, "లోకేష్ చెప్పేసె." ఇంకోటి, "మళ్ల లోకేషే." ఎనిమిది వారాలు ఇదే పాట. తొమ్మిదో దాని కింద, "హేమ చెప్పె." అడుగున ఇంకొక వరుస: "ఇంక లోకేషుకు ఊరుకునేది నేర్పాల."

మా లెక్చరర్లు మూడు సెమిస్టర్లు కష్టపడినా నాకు పట్టుబడని సబ్జెక్టది.

నిన్న ఆదివారం హేమ తన స్నేహితురాలు నందినిని పిల్చుకొచ్చింది. కొత్త విలుకత్తె. పేరడిగితే హేమ వెనక దాక్కునింది. ఆటలో ఏరు పొంగింది, మేం మునుగుతాండాం, పండితుడు యథాప్రకారం మరిచిపోయినాడు. మంత్రం నా నాలిక చివరుంది.

"లోకేషూ, నీకు గుర్తుందా?" అన్నాడు.

పండ్లు బిగించినా. "లేదు పెద్దాయనా."

అబద్ధానికి తొడపాశం పడుతుందనుకున్నా. బల్ల కింద ఆ పట్టకార్లే వచ్చి, మెల్లగా రెండుసార్లు తట్టిపోయినాయి.