హాజరమ్మ చూడని మూడు రోజులు

ఆ కాలేజీలో పిల్లలు నూట ఇరవై మందికి మించి ఉండరు. చరిత్ర, కవిత్వం, తత్వం, సంగీతం... కూడు పెట్టని చదువులన్నీ ఒకే కప్పు కింద చేరాయని ఊళ్లోవాళ్లు ఎకసెక్కాలాడేవారు. మూతబడ్డ నేతమిల్లు కొని అందులో కాలేజీ పెట్టిన పెద్దాయన ఒక నియమం చేసిపోయాడు. ఇక్కడ పేర్లు పిలిచి హాజరు వేయకూడదు. లెక్కపెట్టడానికి పిల్లలేమన్నా గొర్రెల మందా అని ఆయన వాదన. పొద్దున్నే తలుపు దగ్గర ఒక మనిషి కూర్చుని, ముఖం చూసి రిజిస్టరులో టిక్కు పెట్టాలి, అంతే.

ఆ మనిషే హాజరమ్మ. పెళ్లి ఊసెత్తితే, "నూట ఇరవై మందిని సాకుతున్నాను, ఇంకొకడి ముఖం కూడా ఎక్కడ చూడనే?" అని చెల్లెల్ని కసిరేది. పిల్లలు చేరిన వారంలోనే ప్రతి ముఖమూ ఆమెకి కంఠతా వచ్చేది. జ్వరమొచ్చిన ముఖాన్నీ, ఏడ్చొచ్చిన ముఖాన్నీ ఇట్టే పట్టేసేది. తను పొరబడనన్న ఆ గర్వమే కొంప ముంచింది.

తొమ్మిదేళ్ల కిందట ఒక మంగళవారం, ఊళ్లో అద్దెగదిలో ఒంటరిగా ఉంటూ తత్వం చదివే పొడుగుజడ పిల్ల రాలేదు. ఒక్కరోజూ మానని పిల్ల, నిద్ర పట్టేసి ఉంటుంది పాపం అనుకుని హాజరమ్మ టిక్కు పెట్టేసింది. బుధవారమూ పెట్టింది. గురువారం తత్వం మాస్టారు వచ్చి ఆ పిల్ల కనబడటం లేదేమని అడిగితే, తప్పు ఒప్పుకోడానికి నోరు రాక, "రోజూ వస్తూనే ఉందండీ" అని రిజిస్టరు చూపించింది. ఇక ఎవరూ వెతకలేదు.

శుక్రవారం, ఎవరూ వాడని అటక మెట్ల కింద తుడిచే మనిషికి ఆ పిల్ల కనబడింది. కాలు విరిగి ఉంది. ప్రాణం పోయి పూట కూడా కాలేదన్నాడు డాక్టరు. రిజిస్టరు చూసి, గురువారం సాయంత్రం పడి ఉంటుందని అందరూ అనుకున్నారు. సోమవారం నుంచీ అక్కడే ఉందని తెలిసింది హాజరమ్మ ఒక్కదానికే.

ఆనాటి నుంచి రోజూ పొద్దున వరస చివర పొడుగుజడ కనబడేది. కలం ఎత్తేసరికి అక్కడ ఎవరూ ఉండరు. పట్టపగలు, అంతమంది మధ్య, ఆమె వరసంతా మళ్లీ మొదటి నుంచి చూసేది.

ఏటా ఆ పిల్ల తల్లి వచ్చి ఎదురుగా కూర్చునేది. పిల్ల పోవడానికి ముందు ఆదివారం తల్లీకూతుళ్లు ఫోన్లో పోట్లాడుకున్నారట. ఆ తర్వాత రోజుల్లో పిల్ల ఎలా ఉందో చెప్పమనేది. హాజరమ్మ కల్పించి చెప్పేది. మంగళవారం నవ్వింది, బుధవారం నీలం చొక్కా వేసుకుంది, గురువారం ఏదో కూనిరాగం తీస్తూ వచ్చింది.

ఈ ఏడు కాలేజీ మూసేస్తున్నారు. తల్లి మళ్లీ వచ్చింది.

"అక్కా, ఆ మూడు రోజుల కాగితాలు నాకిచ్చెయ్యండి. అది కోపం మరిచిపోయి తిరిగిన రోజులవి. వాటిని చూసుకునే బతుకుతున్నాను."

హాజరమ్మ రిజిస్టరు తెరిచింది. చింపబోయిన చెయ్యి ఆగిపోయింది. ఏడుస్తూ ఉన్నదంతా చెప్పేసింది. గురువారం తను నిజం చెప్పుంటే పిల్ల దక్కేదని కూడా చెప్పింది.

తల్లి అరవలేదు, శాపనార్థాలు పెట్టలేదు. సోమవారం టిక్కు మీద వేలు పెట్టింది.

"ఇదైనా నిజమేనా?"

"నిజమేనమ్మా. నా కళ్లతో చూశాను."

"ఎలా ఉంది? ఏడ్చిందా? నా మీద కోపంగా ఉందా?"

హాజరమ్మ కళ్లు మూసుకుంది. నవ్వూ, నీలం చొక్కా, కూనిరాగం, తను అల్లినవన్నీ వరసగా వచ్చాయి. నిజంగా చూసిన ఆ సోమవారం ముఖం మాత్రం ఎంత వెతికినా రాలేదు.

"గుర్తు లేదమ్మా" అంది.