కంచెకు ఆనించిన కర్ర

గరాజ్‌లో మా అమ్మాయి కొత్త క్రికెట్ బ్యాటుకి అవిసెనూనె పట్టిస్తోంది. పాత టీషర్టు ముక్కతో పల్చగా రాసి, నీడలో ఆరబెట్టి, మర్నాడు మళ్ళీ రాయాలని కోచ్ చెప్పాడట. నేను ఆ పక్కనే డ్రైయర్ ముందు కూర్చుని సాక్సులకి జతలు వెతుకుతున్నాను. పచ్చిగడ్డీ పాత పెయింటు డబ్బా కలిసినట్టుండే ఆ వాసన ముక్కుకి తగిలిందో లేదో, నలభై దాటిన మనిషిని కాస్తా పదేళ్ళ పిల్లనైపోయాను, చేతిలో సాక్సు చేతిలోనే ఉండిపోయింది. దానికితోడు మూడు రోజులుగా డైనింగ్ టేబుల్ మీద అరటిపళ్ళ బుట్ట కింద ఒక ఉత్తరం పడి ఉంది. ఐర్లాండు నుంచి, నా పెళ్ళికి ముందు పేరుతో, అమ్మావాళ్ళింటి అడ్రసుకి వచ్చింది. అమ్మ తెచ్చి చేతిలో పెట్టింది. నేను విప్పలేదు. భయం, ఇంకేం లేదు. ఇంత వయసొచ్చి ఒక కాగితానికి భయమేమిటంటే, డోనల్ అంకుల్ దగ్గర్నుంచి మొదలుపెట్టాలి.

నాకు ఆరేళ్ళప్పుడు మేం కాలిఫోర్నియాలో ఈ డబ్లిన్‌కి వచ్చాం. అప్పటికి ఊరు ఇంతలా పెరగలేదు. చలికాలం వానలకి పచ్చబడి, మే నెలకల్లా ఎండి బంగారు రంగుకి తిరిగే కొండలు మా పెరట్లోంచే కనిపించేవి. కరివేపాకు కావాలంటే ముప్పావుగంట డ్రైవ్ చేసి వెళ్ళాలి, తీరా వెళ్తే ఉండేది కాదు. మా సందులో ఏడిళ్ళు. మాకు కుడివైపు ఇంట్లో డోనల్ అంకుల్ ఒక్కడే ఉండేవాడు. ఇళ్ళకి కప్పులు వేసే పనిలో ముప్పై ఏళ్ళు చేసి రిటైరయ్యాడు. భార్య పోయింది, కూతురు ఆరెగాన్‌లో ఉంది. ఐర్లాండు రాజధాని పేరు పెట్టుకున్న ఊరు కదా అని ఇక్కడంతా ఐరిష్ వాళ్ళే ఉంటారనుకునేరు, మా సందు మొత్తానికి ఆయనొక్కడే. "పేరు చూసి మోసపోయి వచ్చాను" అని నవ్వేవాడు. ఆయన మాటలన్నీ నాకు తెలుగులోనే గుర్తున్నాయి, ఎందుకంటే వాటిని మా నాయనమ్మకి తెలుగులో చెప్పడమే నా చిన్నతనమంతా నా ఉద్యోగం.

నాయనమ్మ తెనాలి వైపు పల్లెటూరి మనిషి. ప్రతి అక్టోబరులో వచ్చి ఏప్రిల్‌లో వెళ్ళిపోయేది. ఆ ఆరు నెలల్లోనే నాకు గుణింతాలు, నెలల పేర్లు, తిథులు, పద్యాలు, అన్నీ జడ వేస్తూ అప్పజెప్పించుకునేది. తప్పు పోతే జడ ఒక్క లాగు లాగేది. ఆవిడకి ఇంగ్లీషులో వచ్చినవి రెండే మాటలు, థాంక్యూ, నో షుగర్. డోనల్ అంకుల్‌ని మాత్రం మొదటిరోజే "అన్నయ్యగారూ" అని పిలిచేసింది. ఆ మాటకి అర్థమేమిటని ఆయన నన్నడిగితే చెప్పాను. అప్పట్నుంచి ఆవిడ కంచె దగ్గరికొస్తే ఆయన టోపీ తీసి నిలబడేవాడు.

ఆయన వంటింట్లో కెటిల్ పక్కన గోడకి ఒక ఫోటో ఉండేది. పదిహేనుమంది కుర్రాళ్ళు, బురద కొట్టుకున్న మోకాళ్ళతో, చేతుల్లో కర్రలతో రెండు వరుసల్లో నిలబడి ఉంటారు. వాళ్ళది పారిష్, అంటే ఒకే చర్చికి వెళ్ళే నాలుగైదు కుగ్రామాల గుంపు. అక్కడ ఆడే ఆట హర్లింగ్. చివర గరిటెలా వెడల్పై వంగిన కర్రతో బంతిని గాల్లో ఉండగానే బాదుతారు. ఆ రోజుల్లో తలకి ఏ రక్షణా పెట్టుకునేవాళ్ళు కాదట. పట్నం జట్టు మీద ఆ పల్లెటూరి పిల్లలు జిల్లా ఫైనల్ నెగ్గారు. గోల్‌లో కమ్మరి మైకల్. ఇద్దరు కవలలు డాన్, డెనిస్, వాళ్ళెవరు ఎవరో రిఫరీకి కూడా తెలిసేది కాదు. ఉత్తరాల సంచీతోనే ప్రాక్టీసుకి వచ్చే జిమ్. వీళ్ళందరికీ నడుమ పెద్ద టామ్, పొద్దున్నే పదకొండు ఆవుల పాలు పితికి, సైకిలు తొక్కుకుంటూ మైదానానికి వచ్చి, వానలో, సగం మైదానం అవతల్నుంచి ఆఖరి దెబ్బ కొట్టినవాడు. ఆ దెబ్బకి కర్ర చివర చీలితే, మైకలే దానికి రేకు పట్టీ వేసి బిగించాడు. ఊరంతా వాళ్ళని మోసుకుంటూ చర్చి దాకా తీసుకెళ్ళిందట. ఈ కథ అంకుల్ ఎన్నిసార్లు చెప్పినా వాన మాత్రం తగ్గేది కాదు, ఒక్కోసారి ఇంకాస్త పెద్దదయ్యేది కూడా.

నాయనమ్మకి ఇదంతా ఇట్టే అర్థమైపోయింది. "మా పెద్దన్నయ్యా అంతేనమ్మా, చెడుగుడులో కూతకెళ్తే నలుగుర్ని ఈడ్చుకొచ్చేవాడు. పక్కూరి వాళ్ళు మా ఇంటికొచ్చి మరీ ఆయన కాళ్ళు చూసిపోయేవాళ్ళు, చెప్పు అన్నయ్యగారికి" అనేది. నేను చెప్పేదాన్ని. కాళ్ళెందుకు చూశారని ఆయన అడిగితే ఆవిడ చీర కుచ్చిళ్ళు కాస్త పైకెత్తి, "ఇదిగో, ఇంతింత పిక్కలుండేవి!" అని చేత్తో చూపించేది. ఇద్దరూ పగలబడి నవ్వేవాళ్ళు.

రెండిళ్ళ మధ్యా గిన్నెలు తిరిగేవి. మా అరిసెలు, పులిహోర అటు వెళ్తే, ఆయన కాల్చిన ఎండుద్రాక్ష రొట్టె ఇటు వచ్చేది. గిన్నె ఖాళీగా తిరిగివ్వకూడదని నాయనమ్మ నేర్పింది కనక, ఏమీ లేనిరోజు ఆయన మా స్టీలు గిన్నెలో రెండు నిమ్మకాయలు వేసి పంపేవాడు. భోగికి కట్టెలు కావాలి కదా, అవీ ఆయనే. పాత కంచె పలకలు, విరిగిన పెట్టెలు ఏడాది పొడుగునా పోగేసి, జనవరి రాగానే మా వైపు కంచెకి ఆనించి పెట్టేవాడు. అడగక్కర్లేదు, తలుపు తట్టక్కర్లేదు. కంచెకి ఆనించి ఉన్నదల్లా మాదే, అదీ ఒప్పందం.

ఆ ఏడు నాకు పదేళ్ళు. భోగి ముందురోజు హోమ్‌వర్క్ అయ్యాక వెళ్ళి పలకలన్నీ మోసుకొచ్చాను. వాటికి కాస్త ఎడంగా, గోనెగుడ్డ చుట్టిన కర్రొకటి కూడా ఆనించి ఉంది. చేతికి జిడ్డుగా తగిలింది, ఇదే అవిసెనూనె వాసన. నూనె పట్టిన కర్ర భలే మండుతుందని సంబరపడ్డాను కూడా. తెల్లవారుజామున తలంట్లు పోసుకుని, తడిజుట్టుకి తువ్వాలు చుట్టుకుని, స్వెట్టర్లు వేసుకుని పెరట్లో చేరాం. నాన్న బార్బెక్యూ కోసం కొన్న ఇనప తొట్టిలో కర్పూరం వెలిగించాడు. అమ్మ పొగ ఎటు పోతోందో చూసుకుంటూ, పక్కవాళ్ళు ఫైరింజన్ని పిలవకూడదని మొక్కుకుంటోంది. రేగుపళ్ళు దొరక్క బ్లూబెర్రీలతో భోగిపళ్ళు కలిపి పెట్టింది నాయనమ్మ. నేను ఒక్కొక్క కర్రా వేస్తున్నాను. గోనెగుడ్డ భగ్గుమని కాలి ఊడిపోయింది. లోపల వెడల్పాటి వంపు, దాని చుట్టూ ఎర్రగా కాగుతున్న రేకు పట్టీ కనిపించాయి.

టామ్ కర్ర అంకుల్ అటక మీద దాచి ఉందని వినడమే తప్ప నేనెప్పుడూ చూడలేదు. కానీ కథలో విన్న పట్టీ నాకు తెలుసు. మైకల్ వేసిన పట్టీ! "నాయనమ్మా, అది టామ్‌ది!" అని నేను పెట్టిన కేకకి ఆవిడ పట్టకారు కోసం కూడా చూడకుండా చేత్తోనే లాగింది. అరచెయ్యి బొబ్బలెక్కింది. పిడి వైపు జానెడు మిగిలింది. పట్టీ బూడిదలో పడింది. మిగతాదంతా పోయింది.

ఇంట్లో పంచాయతీ పెట్టారు. "కొత్తది ఎక్కడ దొరుకుతుందో కనుక్కుని ఆర్డర్ చేసి ఇచ్చేద్దాం" అన్నాడు నాన్న. "గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌లో ఉందండీ, ఆయన పోలీస్ కంప్లైంట్ ఇస్తే మన గతేంటి?" అని అమ్మ ఏడుపు మొదలెట్టింది. నాయనమ్మ చేతికి తేనె రాసుకుంటూ ఇద్దర్నీ ఒక్క చూపు చూసింది. "ఒరేయ్, మీ నాన్న చేతికర్ర నా మంచం పక్కనుంటుంది. అది ఎవరైనా కాల్చి కొత్తది కొనిస్తే పుచ్చుకుంటానట్రా నేను? నడవవే, తప్పు చేసింది నువ్వు, చెప్పేదీ నువ్వే."

నువ్వుండల డబ్బా ఆవిడ పట్టుకుంది, కాలిన ముక్కా పట్టీ నేను పట్టుకున్నాను. తలుపు తీసిన అంకుల్ నా చేతుల్లోకి చూశాడు. నేను ఏం చెప్పానో నాకు గుర్తులేదు, ఏడుస్తూ ఇంగ్లీషు, తెలుగు కలగాపులగం చేసి ఉంటాను. నాయనమ్మ బొబ్బలెక్కిన చేత్తోనే దణ్ణం పెట్టి, "అన్నయ్యగారూ, పిల్లకి తెలీదండీ" అంది. ఆయన ఆ ముక్క తీసుకుని వాసన చూశాడు. "దీన్ని టామ్ వాళ్ళమ్మ నా చేతిలో పెట్టింది, టామ్ పోయిన నెలకి" అన్నాడు. "ఎప్పటికైనా తిరిగి మా ఊరికే చేర్చమంది. మొన్ననే ఊర్నుంచి ఉత్తరమొచ్చింది, జట్టు వస్తువులన్నీ పెట్టడానికి గది కడతారట, పంపమన్నారు. అందుకే తీసి నూనె రాసి, ఆరడానికి కంచె దగ్గర పెట్టాను." తర్వాత కోప్పడతాడనుకున్నాను. తలుపేసుకుని లోపలికెళ్ళిపోయాడు. దానికంటే చెంప మీద కొట్టినా బాగుండేది.

గుమ్మంలో పెట్టొచ్చిన డబ్బా నాలుగు రోజులు అక్కడే ఉంది. స్కూలు బస్సు దిగి రోజూ అటే చూసేదాన్ని. ఐదోరోజు మా గుమ్మంలో కనిపించింది, తళతళా తోమి, లోపల ఎండుద్రాక్ష రొట్టె, దాని మీద ఒక చీటీ. శనివారం పదింటికి పిల్లని పంపండి, అని ఉంది అందులో. అమ్మ ఆ చీటీని లాయర్ నోటీసు చదివినట్టు నాలుగుసార్లు చదివింది.

శనివారం వెళ్తే ఆయన గోడ మీంచి ఫోటో దించి టేబుల్ మీద పెట్టాడు. "వీళ్ళలో బతికున్నది నేనొక్కణ్ణే. కర్ర నీవల్ల పోయింది కనక వీళ్ళని నువ్వు మొయ్యాలి" అన్నాడు. వారానికొక మనిషి. పేరు, ఆడే చోటు, ఎవరబ్బాయి, ఏం పని చేసేవాడు, ఎలా నవ్వేవాడు. వచ్చే శనివారం మొదట్నుంచీ అప్పజెప్పాలి. నాయనమ్మ కూడా కూర్చునేది. ఒక్క మాటా అర్థం కాకపోయినా నేను ఎక్కడ తడబడ్డానో ఆవిడకే ముందు తెలిసేది, జడ లాగేది. ఏప్రిల్లో ఆవిడ ఊరెళ్ళేనాటికి పదమూడుమంది అయ్యారు. పద్నాలుగోవాడు సిగ్గరి పాట్, గెలిచిన రోజు కూడా వెనక వరుసలో దాక్కున్నాడు. పదిహేనోవాడి దగ్గరికొచ్చేసరికి అంకుల్ తన మొహం మీద వేలు పెట్టి, "ఎడమ మూల, డోనల్. పెద్దగా ఆడేవాడు కాదు, పరిగెత్తేవాడు" అన్నాడు.

ఆ వేసవిలోనే కాలిన ముక్కనీ పట్టీనీ పార్సెల్ చేసి ఊరికి పంపాడు. పోస్టాఫీసుకి నన్ను వెంటబెట్టుకెళ్ళాడు. కౌంటర్ దగ్గర నిలబడి ఒక చీటీ రాసి లోపల పెట్టి అంటించాడు. అందులో ఏం రాశారని అడగాలని నోటి దాకా వచ్చింది. అడగలేదు. ఇండియన్ పిల్ల కాల్చేసిందని రాసి ఉంటాడు, ఇంకేం రాస్తాడు? ఆ పల్లెలన్నిట్లో ముసలీముతకా నా పేరు చెప్పుకుని తిట్టుకుంటారని ఎన్ని రోజులు ఒంటరిగా ఏడ్చానో అమ్మక్కూడా తెలీదు. తర్వాత ఆయన ఆరెగాన్‌లో కూతురింటికి వెళ్ళిపోయాడు. నేను కాలేజీలో ఉండగా పోయాడు. మరో రెండేళ్ళకి నాయనమ్మా పోయింది. పర్వాలేదమ్మా అన్న మాట ఆయన నోట నేను వినలేదు.

ఇప్పుడు ఆ ఇంట్లో ఎవరో గుజరాతీ కుటుంబం ఉంది, మంచివాళ్ళే. చెక్క కంచె పోయి తెల్ల ప్లాస్టిక్ కంచె వచ్చింది, దానికి ఆనించి పెట్టడానికి ఎవరి దగ్గరా ఏమీ లేదు. కరివేపాకు మూడు కొట్లలో దొరుకుతుంది. చలికాలంలో కట్టెలు కాల్చొద్దంటారు కనక కమ్యూనిటీ హాల్లో ఫ్యాను గాలికి ఎగిరే నారింజ రంగు గుడ్డ చుట్టూ తిరిగి భోగి అయిందనిపిస్తాం. ఫోటో ఎటు పోయిందో తెలీదు. జడ లాగే చెయ్యి లేదు.

సాక్సు పక్కన పడేసి వెళ్ళి ఉత్తరం విప్పాను. రాసింది ఎవరో ఇరవై ఏళ్ళమ్మాయి, ఆ పారిష్ జట్టులో ఇప్పుడు ఆడుతుందట. అప్పుడు కడతామన్న గది ఇన్నేళ్ళకి కట్టారు. పాత సెక్రటరీ ఇంటి అటక మీద ఒక పార్సెల్ దొరికింది, కాలిన పిడి, రేకు పట్టీ, ఒక చీటీ. తమ దగ్గరున్న ఫోటోలో తొమ్మిదిమందినే గుర్తుపట్టగలిగారు. ఆరుగురెవరో ఊళ్ళో ఎవరికీ తెలీదు, మీకేమైనా తెలుసా, అని కింద ఫోన్ నంబరు ఇచ్చింది. చీటీ కాపీ కూడా జతచేసింది. డోనల్ అంకుల్ ఏటవాలు అక్షరాలు.

"కర్రలో మిగిలింది ఇంతే. ఎలా కాలిందని అడక్కండి, చోటు కాని చోట పెట్టిన తప్పు నాది. పదిహేనుమందీ పక్కింటి అమ్మాయి దగ్గర భద్రంగా ఉన్నారు. కావలసినప్పుడు ఆమెని అడగండి." కింద నా పేరు, ఒక్క అక్షరం తప్పు లేకుండా, మా అడ్రసు.

కుర్చీలో కూర్చుని ఏడ్చాను. ముప్పై ఏళ్ళు, ఎంత పిచ్చిదాన్ని! కళ్ళు తుడుచుకుని గడియారం చూశాను. అక్కడ సాయంత్రం. ఫోన్ చేస్తే ఆ అమ్మాయే ఎత్తింది. నా పేరు చెప్పాను. "రాసుకుంటావా?" అని, కళ్ళు మూసుకుని మొదలుపెట్టాను. గోల్‌లో కమ్మరి మైకల్. ఎక్కడా తడబడలేదు. సిగ్గరి పాట్ దాకా వచ్చాను. "పదిహేను. ఎడమ మూల, డోనల్. బాగా ఆడేవాడు" అన్నాను.

ఫోన్ పెట్టేసి చూస్తే మా అమ్మాయి నూనె చేతులతో గుమ్మంలో నిలబడి ఉంది. "అమ్మా, ఆ నేమ్స్ అన్నీ ఎవరు? నీకు వాళ్ళు తెలుసా?"

"మనవాళ్ళేనే" అన్నాను. "చేతులు కడుక్కుని రా, జడ వేస్తాను."