మా ఆయన రాయి మీద నా పేరు

నాకు చదువు రాదు. పెళ్లయిన కొత్తలో మా ఆయన ఇటుక ముక్కతో అరుగు మీద రాసి దిద్దించిన నా పేరొక్కటే గుర్తుపట్టగలను. ఆ ఒక్కటీ రాకపోయినా బాగుండేదని మొన్న ఈస్టరు ముందు అనిపించింది.

ఆయన పోయాక హైదరాబాదు వెళ్లి, చాలా ఏళ్లు ఇళ్లలో వంటలు చేశాను. మోకాళ్లు ఇక నిలబడనివ్వలేదు. ఊళ్లో మా మరిదివాళ్లుండే అత్తగారింట్లో నాకొక గది ఉంది, మిగిలిన కాలం అందులో ఉందామని బయలుదేరాను. రావులపాలెంలో బస్సు దిగి ఆటో ఎక్కాను. మా ఊరికి ముందే, కాలవ గట్టున, మా చర్చివాళ్ల సమాధుల తోట వస్తుంది. ముందు ఆయన్ని చూసి ఇంటికి పోదామని అక్కడే దిగాను.

ఈస్టరుకి మావాళ్లు సమాధులకు సున్నం కొట్టి, పేర్ల మీద నల్లరంగు దిద్దుతారు. ఆయనకు కొత్త రాయి వేశారు. సంతోషంగా దగ్గరికి వెళ్లాను. పైన ఉన్నది ఆయన పేరు కాబోలు. కింద ఉన్నది నా పేరు! తడిమి చూశాను. తడి రంగు వేలికి అంటింది. నేను పోయానని వీళ్లకు ఎవరు చెప్పారు?

అత్తగారి సమాధికి సున్నం వేస్తున్న మా తోడికోడలు లేచి నిలబడింది.

"అక్కా! ఫోనన్నా చెయ్యలేదేంటి?"

"నేనెప్పుడు పోయానే?"

"ఛ, అవేం మాటలు! రాయి చెక్కేవాడు పిలిచినప్పుడల్లా వస్తాడా? ఎలాగూ నిన్ను బావగారి పక్కనే కదా పెట్టేది. ఇద్దరివీ ఒకేసారి చెక్కించేశాం. నీ తేదీ దగ్గర ఖాళీ ఉంచాంలే, చూడు."

చూశాను. నున్నగా ఉంది.

"ఎంత ముందుచూపే తల్లీ! సరే, ఇంటికి పద. గదిలో సామాను పెట్టుకోవాలి."

ఆమె చేతిలో బ్రష్షు బకెట్లో పడింది. "ఉండటానికి వచ్చావా? గదినిండా కొబ్బరికాయలున్నాయక్కా. నువ్వు వస్తావనుకోలేదు. వస్తే..."

అక్కడ ఆగింది. వస్తే అంబులెన్సులోనే వస్తాననుకుంది. పేరు చూసినప్పటికన్నా అప్పుడే ఎక్కువ అదిరిపోయాను.

"నేల కింద నాకు చోటు చూశావు. నేల మీద ఎక్కడుండమంటావే?"

ఆమె నా సంచి అందుకుని ముందు నడిచింది. ఇంటికెళ్లి గది తలుపు తీస్తే కాయలు గుమ్మం దాకా దొర్లాయి.

"మీ మరిది రానీ, మాట్లాడదాం" అంది.

నేను కొంగు బిగించి ఒక్కొక్క కాయా బయట పెట్టడం మొదలుపెట్టాను. ఆమె వచ్చి నా చేతిలో కాయ లాక్కుంది.

"లే, నడుం పట్టేస్తుంది. రాయి మీద నీ పేరు చెరిపించెయ్యనా?"

"దాన్ని ఉండనీ. ముందు కాయలు తియ్యి."

అలా అన్నానే గానీ, వేలికంటిన నల్లరంగు కొబ్బరి పీచుకేసి రుద్దుతూనే ఉన్నాను.