నిద్రపోయే రాకుమారి వేషం

2024 జనవరి. గురజాలలో నేను తెలుగు చెప్పే ప్రైవేటు హైస్కూల్లో యాన్యువల్ డే నాటకానికి రిహార్సల్ జరుగుతోంది. శాపం తగిలి నిద్రపోయిన రాకుమారి కథ. రాకుమారుడి వేషం వేసిన కార్తీక్, బల్ల మీద పడుకున్న షబానా చెయ్యి పట్టుకుని, "లే, రాకుమారీ!" అన్నాడు. లేవలేదు. మళ్లీ అన్నాడు. "ఒరేయ్, నీ మొహం చూడలేక లేవట్లేదురా!" అని వెనక నుంచి ఎవరో అరిచారు. పిల్లలంతా నవ్వారు. నేనూ నవ్వబోయి ఆగిపోయాను. షబానా చెయ్యి బల్ల అంచు మీద నుంచి జారి వేలాడుతోంది. నోరు కొద్దిగా తెరుచుకుని ఉంది. అది నటన కాదని ఆ క్షణంలో తెలిసింది.

ఇంట్లో పిల్లలు కదలకుండా పడుకుంటే ముక్కు దగ్గర వేలు పెట్టి చూసే భయస్తురాలిని నేను. అక్కడా అదే చేశాను. ఊపిరి ఆడుతోంది. భుజం పట్టి కుదిపితే నాలుగోసారికి ఉలిక్కిపడి లేచి, "లేచా అమ్మీ, పచ్చడి కలుపుతున్నా" అంది. హాలంతా మళ్లీ నవ్వు.

బడి నాటకాల్లో కాస్టింగ్, అంటే ఎవరికి ఏ వేషమన్న నిర్ణయం, పావుగంటలో అయిపోతుంది. గట్టిగా మాట్లాడే పిల్లవాడు రాకుమారుడు. తెల్లగా ఉన్న పిల్ల రాకుమారి. నల్లగా ఉండి గొంతున్న పిల్ల మంత్రగత్తె. షబానా తొమ్మిదో తరగతి. తెల్లగా ఉంటుంది, నోరు విప్పదు. పడుకునే వేషానికి ఇంతకన్నా ఎవరు కావాలి అనుకున్నాను. ఎం.ఏ.లో నేను చేసిన ప్రాజెక్టు ఈ పాత కథల మీదే. ఆడపిల్ల నిద్రపోవాలి, ఎదురుచూడాలి, చివరికి గెలిచినవాడికి బహుమానం కావాలి. మగవాడేమో గుర్రమెక్కి రావాలి. ఇది ఎంత అన్యాయమో ఎనభై పేజీలు రాసి మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని. ఉద్యోగంలో చేరాక అవే వేషాలు నా చేత్తో పంచాను.

ఆ సిగ్గుతో స్క్రిప్టు మార్చేశాను. కొత్త కథలో రాకుమారి అసలు నిద్రపోదు. కత్తి పట్టి కోటగోడ దూకుతుంది. మర్నాడు చదివి వినిపిస్తే ఆడపిల్లలు ఈలలు వేశారు. షబానా మాత్రం అందరూ వెళ్లేదాకా ఆగింది.

"పడుకునేది తీసేశారా మేడమ్?"

"అవునమ్మా. ఇప్పుడు నీకు బోలెడు డైలాగులు. కత్తి కూడా."

"కత్తి కావ్యకిచ్చేయండి. నాకు పడుకునేదే కావాలి."

"ఎందుకు?"

"అక్కడ పడుకుంటే ఎవరూ తిట్టరు కదా మేడమ్."

తిరునాళ్లలో కొనిపెట్టని బొమ్మను చూస్తూ వెనక్కి నడిచే పిల్లలా ఆ బల్లకేసి చూసింది.

అడిగితే చెప్పింది. వాళ్లమ్మకు బస్టాండు దగ్గర ఇడ్లీ బండి ఉంది. షబానా మూడున్నరకు లేచి పల్లీలు వేయించి పచ్చడి చేయాలి. బండి దగ్గర ఎనిమిదింటిదాకా ప్లేట్లు కడగాలి. ఆ తర్వాత బడి. సాయంత్రం మళ్లీ పప్పు రుబ్బడం. రాకుమారి పడుకుని ఉండే సీను పన్నెండు నిమిషాలు. రోజంతా ఆ పన్నెండు నిమిషాల కోసమే ఎదురుచూసేదట.

నిద్రపోయే రాకుమారి అంటే నోరులేని ఆడది అని నా ప్రాజెక్టులో రాశాను. ఆ నిద్ర కోసమే ఆశపడే పిల్ల ఒకతె ఉంటుందని నాకెప్పుడూ తోచలేదు.

రెండు రోజుల తర్వాత బండి దగ్గరికి వెళ్లాను. వాళ్లమ్మ ఫాతిమా ఇడ్లీ రేకులు దించుతోంది.

"పిల్ల బడిలో పడిపోతోందక్కా. ఇంకో గంట పడుకోనివ్వు" అన్నాను.

"నేను రెండింటికే లేస్తా మేడమ్. నన్ను పడుకోమని చెప్పేటోళ్లెవరు?"

"పెద్దబ్బాయి ఉన్నాడుగా, సాయం చెయ్యడా?"

"వాడు ఎంట్రెన్సు రాయాల. నిద్ర చెడితే బుర్ర పనిచేస్తదా? అయినా మగపిల్లోడు పచ్చడి రుబ్బుతాడా ఏంది!"

పక్కన తింటున్న ఆటో అతను నవ్వాడు. ఫాతిమా నవ్వలేదు. "ఇంకా అడిగారంటే బడి మానిపిస్తా. అప్పుడు మధ్యాన్నం చానాసేపు పడుకుంటదిలే" అంది.

ఆ మాటతో అక్కణ్ణుంచి వచ్చేశాను. నా వాదన వల్ల పిల్లకు బడి దూరమైతే ఆ వాదన ఎవరికి పనికొస్తుంది? ఇంటికొచ్చి స్క్రిప్టు మూడోసారి రాశాను. నిద్రను మళ్లీ పెట్టాను.

యాన్యువల్ డే నాడు రాకుమారుడు వచ్చి లేపబోతే, షబానా కళ్లు తెరవకుండానే, "ఇంకాసేపు పడుకోనీ" అంది.

"మరి కోట పనులు?"

"నువ్వు చెయ్యి."

కార్తీక్ కత్తి పక్కనపెట్టి చీపురు పట్టుకున్నాడు. ఆడవాళ్లు విరగబడి నవ్వారు. కొడుకుతో కలిసి వెనక నిలబడ్డ ఫాతిమా మాత్రం స్టేజీ మీద కదలకుండా పడుకున్న కూతురినే చూస్తూ ఉండిపోయింది. వెళ్లేటప్పుడు నా దగ్గరికొచ్చింది.

"నిద్రలో నా బిడ్డ ఎంత బాగుంటది మేడమ్! రోజూ చీకట్లో లేపుతా. వెలుతుర్లో ఎప్పుడూ చూళ్లా." కొడుకు వైపు చూసి, "ఆదివారం వీణ్ణి లేపుతాలే" అంది.

"అమ్మీ!" అన్నాడు కొడుకు.

"ఏందిరా అమ్మీ? రాకుమారుడు ఊడవలా?"

ఒక్క ఆదివారమే. మిగతా ఆరు రోజులూ షబానా మూడున్నరకే లేచింది. అంతకన్నా నేనేమీ చేయలేకపోయాను. ఆ వెలితి ఇప్పటికీ ఉంది. కథలో ఆడపిల్లను మార్చే ముందు ఆ పిల్లకేం కావాలో అడగాలని మాత్రం నేర్చుకున్నాను.

యాన్యువల్ డే మర్నాడు పొద్దున మా వంటింట్లోకి వెళ్తే ఆరేళ్ల మా పాప స్టూలెక్కి ఇద్దరి నీళ్ల సీసాలూ నింపుతోంది. ఎనిమిదేళ్ల బాబు ఇంకా దుప్పటిలోనే ఉన్నాడు. రోజూ ఇంతే. నాకు సాయం చేసే బంగారుతల్లి అని మురిసిపోయేదాన్ని. ఆ రోజు సీసా చేతిలోంచి తీసుకున్నాను.

"తప్పు చేశానా అమ్మా?" అంది పాప బెదురుగా.

"నువ్వు కాదు తల్లీ. వెళ్లి ఇంకో అరగంట పడుకో" అన్నాను. తర్వాత బాబు మీద దుప్పటి తీసి, "లే నాన్నా, సీసాలు నింపు. నీదే కాదు, చెల్లిది కూడా" అన్నాను.