లాకర్‌లో వదిలేసిన గ్రీన్‌కార్డులు

ఆ రోజు నేను చేసిన తప్పు మరిచిపోవడం కాదు. గ్రీన్‌కార్డులు చేతిలోకి తీసుకుని చూసి, మళ్లీ బ్యాంకు లాకర్‌లోనే పెట్టేశాను.

ఎనభైల మొదట్లో న్యూజెర్సీలో మా అపార్ట్‌మెంట్ల మీద దొంగల కన్ను పడింది. ఇండియన్ల ఇళ్లలో బంగారం ఉంటుందని వాళ్లకి తెలిసిపోయింది. అందుకని నగలతో పాటు పాస్‌పోర్టులు, గ్రీన్‌కార్డులు కూడా లాకర్‌లో దాచి, ఇంట్లో జిరాక్సు కాపీలు ఉంచుకునేవాళ్లం. కార్డు పోగొట్టుకున్నవాళ్ల అవస్థలు ప్రతి విందులోనూ కథలుగా వినేవాళ్లం.

ఆ సెప్టెంబరులో సోమవారం సెలవు కలిసొచ్చిన లాంగ్ వీకెండ్‌కి మా ఆవిడ అక్కయ్య హైదరాబాదు నుంచి టొరంటో వస్తోంది. భర్తకి అక్కడ కాన్ఫరెన్సు. ఆవిడకి అమెరికా వీసా లేదు కాబట్టి మేమే కారులో వెళ్లాలి. అక్కాచెల్లెళ్లు కలుసుకుని ఏళ్లయింది. ఈలోగా వాళ్లమ్మ పోయింది, మేం వెళ్లలేకపోయాం. అత్తగారి కాసులపేరు చెరిపించి చేయించిన రెండు గొలుసుల్లో ఒకటి ఎవరి చేతో మాకు చేరింది. రెండూ వేసుకుని ఒక ఫొటో దిగాలని అక్కాచెల్లెళ్లు ఫోన్లో అనుకున్నారు.

ప్లాన్ అంతా నాదే. మ్యాపు మీద పసుపు గీత గీశాను. మోటెల్ బుక్ చేశాను. టవర్, జూ, ఇండియన్ బజారు అన్నీ ఇరికించి, అక్కయ్యకి ఒక పూట కేటాయించాను.

గొలుసు తేవడానికి శుక్రవారం బ్యాంకుకి బయల్దేరుతుంటే మా ఆవిడ అంది, “ఒరిజినల్సు కూడా తెండి.”

“కెనడా సరిహద్దు బ్రిడ్జి దగ్గర మొహం చూసి పంపించేస్తారట. అన్నీ నేను చూసుకుంటానుగా,” అన్నాను. గొలుసు ఒక్కటే తెచ్చాను.

మర్నాడు సాయంత్రానికి బఫెలో దాటి బ్రిడ్జి మీదికి చేరాం. వెనక సీట్లో మా అమ్మాయి నిద్రపోతోంది. అవతలి కెనడా ఆఫీసరు కాపీలు తిప్పి చూసి, ఇవి చెల్లవని మర్యాదగానే చెప్పాడు. వెనక్కి తిరిగితే అమెరికా వైపు ఆఫీసర్లు కూడా చాలాసేపు కూర్చోబెట్టి, మందలించి వదిలారు. బ్యాంకు మళ్లీ తెరిచేది మంగళవారం. అక్కయ్య విమానం ఆ రోజే.

కారులో కూర్చున్నాక నేనన్న మాట ఇది: “నీ గొలుసు హడావిడిలోనే ఇదంతా.”

ఆమె గ్యాస్ స్టేషన్ దగ్గర ఆపమంది. ఫోన్ బూత్ తలుపు తెరిచే ఉంది. నేను పక్కనే నిలబడ్డాను.

“కారు చెడిపోయిందక్కా. రాలేం.”

అవతల ఏమడిగారో వినపడలేదు. “లేదక్కా, ఆయన తప్పేం లేదు. పాపం, పొద్దుట్నుంచీ ఆయనే డ్రైవ్ చేశారు,” అంది. గొలుసు అప్పటికే మెడలో వేసుకుని ఉంది. మాట్లాడినంతసేపూ దాన్ని వేలికి చుట్టుకుంటూనే ఉంది. ఆ రిసీవరు అందుకుని నిజం చెప్పాల్సినవాణ్ణి, కారు దగ్గరికి నడిచి అద్దం తుడిచాను.

ఇంటికొచ్చాక, మర్నాడు, టొరంటోలో అక్కయ్య దిగిన హోటల్‌కి నేనే ఫోన్ చేశాను. జరిగింది చెప్పాను. నేను కారులో అన్న మాట కూడా చెప్పాను.

“కారు చెడిపోతే మా చెల్లి అలా ఏడవదు బాబూ,” అంది వదినగారు. “నాకు చెప్పి ఏం లాభం? దానికి చెప్పండి.”

మా ఆవిడ వంటింట్లో దారికి పట్టుకెళ్లిన కూలర్ డబ్బాలో మిగిలిన పులిహోర తీసి పారేస్తోంది. తప్పంతా నాదేనని వెళ్లి చెప్పాను. విని, చేతులు కడుక్కుని, “సరే,” అంది. అంతే.

మంగళవారం బ్యాంకు తెరిచేసరికి ఇద్దరం గుమ్మంలో ఉన్నాం. లాకర్ ఆమె పేరున కూడా రాయించి, తాళంచెవి ఇచ్చేశాను. ఆ డిసెంబరులో ఆమె ఒక్కతే హైదరాబాదు వెళ్లింది. సెలవు పెట్టి అమ్మాయిని నేను చూసుకున్నాను. అక్కడ ఏ రోజు ఏం చేయాలో నేను చెప్పలేదు. ఎయిర్‌పోర్టులో కూడా కార్డు పెట్టుకున్నావా అని అడగబోయి ఆగిపోయాను.